విశ్వవిద్యాలయ విద్యార్థుల స్వీయ సంరక్షణ, క్షేమం: తాడ్వాయి – కామారెడ్డి ప్రాంతం

విద్యార్థి తన శరీరాన్ని, మనసును, కాలాన్ని, డబ్బును, తోటివారితో సంబంధాలను చదువు సాగినంత కాలమూ నిలకడగా ఉంచుకోవడానికి రోజూ చేసుకునే ఏర్పాట్లన్నిటినీ కలిపి స్వీయ సంరక్షణ అంటారు. ఆరోగ్యాన్ని పెంచుకోవడానికి, జబ్బు రాకుండా చూసుకోవడానికి, వచ్చిన జబ్బును తట్టుకోవడానికి, వైద్య సిబ్బంది సాయం ఉన్నా లేకున్నా, వ్యక్తులకూ కుటుంబాలకూ సముదాయాలకూ ఉండే శక్తి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్వచించింది. ఈ నిర్వచనంలో కుటుంబం, సముదాయం చేరి ఉండటం ముఖ్యమైన విషయం; పట్నపు పుస్తకాల్లో స్వీయ సంరక్షణ ఒక వ్యక్తి తనకు తాను చేసుకునే సేవగా కనిపిస్తుంది గానీ, తెలంగాణ పల్లెల నుంచి డిగ్రీకి, పీజీకి వచ్చే విద్యార్థి విషయంలో అతను ఎన్ని గంటలు నిద్రపోతాడో, మధ్యాహ్నం ఏం తింటాడో, దిగులు పడినప్పుడు ఎవరితో చెప్పుకుంటాడో అనేవి చాలావరకు బస్సు వేళలు, హాస్టల్ మెస్సు, ఇంటి అప్పు, కాలేజీ పద్ధతులు నిర్ణయిస్తాయి. అందువల్ల ఈ వ్యాసంలో విద్యార్థి చేతిలో ఉన్న అలవాట్లనూ, అతని చేతిలో లేని పరిస్థితులనూ విడదీయకుండా పరిశీలించడం జరిగింది.

కాలేజీ విద్యార్థుల ఆరోగ్యం ప్రత్యేక విషయంగా గుర్తింపు పొంది ఒకటిన్నర శతాబ్దం దాటింది. అమెరికాలోని ఆమ్‌హెర్స్ట్ కాలేజీ 1861లోనే విద్యార్థుల దేహదారుఢ్యానికి, పరిశుభ్రతకు ఒక విభాగాన్ని ఏర్పాటు చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 8 దేశాల్లోని 19 కాలేజీల్లో మొదటి సంవత్సరం విద్యార్థులపై జరిగి 2018లో వెలువడిన సర్వేలో దాదాపు 35 శాతం మంది జీవితంలో ఏదో ఒక దశలో మానసిక రుగ్మతకు లోనైనట్లు తేలింది. మానసిక రుగ్మతల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇరవై నాలుగో ఏటి లోపే మొదలవుతాయని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. అంటే డిగ్రీ, పీజీ చదివే వయసూ ఆ రుగ్మతలు తలెత్తే వయసూ ఒకటే కావడం వల్ల, విశ్వవిద్యాలయం కోరుకున్నా కోరుకోకపోయినా ఆరోగ్య విషయంలో బాధ్యత గల సంస్థ అవుతుంది.

ప్రాంతం, విద్యార్థులు

తాడ్వాయి కామారెడ్డి జిల్లాలో, ఎల్లారెడ్డి శాసనసభ నియోజకవర్గంలో ఉన్న మండల కేంద్రం. మేడారం జాతర జరిగే ములుగు జిల్లా తాడ్వాయి వేరు, ఇది వేరు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఈ ప్రాంతమంతా నిజామాబాద్ జిల్లాలో ఉండేది. వరి, మక్క, చెరకు పంటలు, కామారెడ్డి బెల్లం మార్కెట్, ఇంటింటా ఆడవాళ్లు చేసే బీడీల పని, దుబాయి, మస్కట్, సౌదీలకు వలస పోయే మగవాళ్లు పంపే డబ్బు ఇక్కడి కుటుంబాల ఆదాయానికి ఆధారాలు. తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీల చేటతో ఇంట్లో, పెద్ద కొడుకో బిడ్డో ఆ వంశంలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కడం ఈ మండలాల్లో సాధారణంగా కనిపించే కుటుంబ చిత్రం.

ఈ విద్యార్థులకు దగ్గరలో ఉన్న ఉన్నత విద్యాసంస్థలు కామారెడ్డి పట్టణంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, పాడి సాంకేతిక విజ్ఞాన కళాశాల, ప్రైవేటు డిగ్రీ కాలేజీలు, 2023లో తరగతులు మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ. 2006లో స్థాపితమైన తెలంగాణ విశ్వవిద్యాలయం ప్రధాన ప్రాంగణం నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఉండగా, దాని దక్షిణ ప్రాంగణం కామారెడ్డి జిల్లాలోనే భిక్కనూరులో జాతీయ రహదారి పక్కన ఉంది. ఇది అంతకుముందు ఉస్మానియా విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా పనిచేసింది. 2008లో ఏర్పడిన బాసర ట్రిపుల్ ఐటీకి కూడా పదో తరగతి మార్కులతో ఇక్కడి పిల్లలు వెళుతుంటారు.

ఈ విద్యార్థులను స్థూలంగా రెండు తెగలుగా చూడవచ్చు: రోజూ ఊరి నుంచి బస్సులో వచ్చిపోయేవారు, హాస్టల్లో ఉండేవారు. వీరి అవసరాలు ఒకటి కావు. ఇంటి నుంచి వచ్చిపోయే విద్యార్థికి ఇంటి తిండి, ఇంటి మనుషులు ఉంటారు గానీ కాలం మిగలదు. నాట్ల కాలంలోనూ కోతల కాలంలోనూ పొలం పని, ఆడపిల్లలకైతే వంట, బీడీల పనిలో సాయం, వీటి మధ్య చదువుకు దొరికేది రాత్రి పూటే. హాస్టల్ విద్యార్థికి కాలం ఉంటుంది గానీ, తిండి, నీళ్లు, ఏకాంతం పంచుకోవలసిన వస్తువులవుతాయి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు అమలవుతున్న ఉచిత ప్రయాణం వచ్చిపోయే ఆడపిల్లల ఖర్చును తగ్గించింది. బస్సుల్లో కిక్కిరిసిన రద్దీ, సాయంత్రం ఆఖరి బస్సు వేళ మాత్రం ఇంకా వారి దినచర్యను శాసిస్తూనే ఉన్నాయి. సాయంత్రం జరిగే ఆటలకో, గ్రంథాలయానికో, కౌన్సెలింగ్‌కో వీరు ఉండలేకపోవడానికి అనాసక్తి కారణమని అధ్యాపకులు అనుకుంటే అది పొరపాటు.

నిద్ర, తిండి, వ్యాయామం

స్వీయ సంరక్షణలో అన్నిటికంటే ముందు తెగ్గోసుకునేది నిద్రను. పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ల వయసువారికి రోజుకు ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలని నిద్రా శాస్త్రజ్ఞులు సూచిస్తారు. పగలు చదివినది మెదడులో స్థిరపడే ప్రక్రియలో పెద్ద భాగం నిద్రలోనే జరుగుతుంది కనుక, పరీక్ష ముందు రాత్రి జాగారం చేసిన విద్యార్థి తాను చదివినదాన్నే పోగొట్టుకుంటాడు. కౌమారం చివరి సంవత్సరాల్లో దేహపు గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది, అంటే నిద్ర రావడం, మెలకువ రావడం రెండూ పొద్దుపోయి జరుగుతాయి; దీనికి తోడు తెల్లవారు బస్సు పట్టుకోవలసిన విద్యార్థికి రెండు వైపులా కోత పడుతుంది. ఈ స్థితిలో పనికివచ్చే ఉపాయాలు మూడే: లేచే వేళను ఆదివారం సహా ఒకేలా ఉంచుకోవడం, పడుకునే చోటికి ఫోను దూరంగా పెట్టడం, సాయంత్రం తర్వాత టీ మానడం. హాస్టల్ గదిలో నలుగురో ఆరుగురో ఉన్నప్పుడు ఏ ఒక్కరి పట్టుదలతోనూ ఇది సాధ్యం కాదు. లైటు ఎప్పుడు ఆర్పాలో గదివాళ్లందరూ కలిసి మాట్లాడుకోవాలి.

తిండి విషయం ఇంకా వివరంగా చూడదగినది. 1918లో కూనూరులో మొదలై తర్వాత హైదరాబాద్‌కు తరలిన జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయులకు 17 ఆహార సూత్రాలను ప్రకటించింది. ధాన్యాల మీదే ఆధారపడకుండా పప్పులు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, గింజలు కలిసిన భోజనం చేయాలని, ఉప్పు, చక్కెర, నూనె తగ్గించాలని, భోజనానికి ముందూ వెనకా కనీసం గంటసేపు టీ, కాఫీ తాగరాదని వాటి సారాంశం. టీ, కాఫీల్లోని పదార్థాలు ఆహారంలోని ఇనుమును శరీరం గ్రహించకుండా అడ్డుపడతాయి. ఈ చివరి సూత్రం తెలంగాణ ఆడపిల్లలకు ప్రాణప్రదమైనది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణి కాని మహిళలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటారు. పొద్దున ఏమీ తినకుండా బస్సెక్కి, కాలేజీ క్యాంటీన్‌లో టీ, సమోసాతో మధ్యాహ్నం గడిపే అమ్మాయి తరగతిలో కునుకు తీస్తే, దాన్ని బద్ధకమని తిట్టేముందు రక్తపరీక్ష చేయించడం న్యాయం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్షా, ఇనుము మాత్రలూ ఉచితం.

ఇంటి వంటలో ఈ లోటును తీర్చే పదార్థాలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. జొన్నరొట్టె, మక్క గటక, నువ్వులూ పల్లీలూ వేసి తట్టిన సర్వపిండి, తోటకూర, పుంటికూర పప్పు పాతతరం రోజూ తిన్నవే. బియ్యం చౌకయ్యాక, పొయ్యి దగ్గర నిలబడే తీరిక తగ్గాక అవి పండగ వంటలయ్యాయి. పొద్దున్నే రెండు జొన్నరొట్టెలు కట్టుకుని పోవడం డబ్బు ఖర్చు లేని మంచి అలవాటు.

హాస్టల్ విద్యార్థికి మాత్రం ఎంపిక లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ నుంచి సంక్షేమ వసతి గృహాల డైట్ చార్జీలను 40 శాతం పెంచగా, ఇంటర్ నుంచి పీజీ వరకు చదివేవారికి నెలకు 1,500 రూపాయలున్నది 2,100 రూపాయలయింది. ముప్పై రోజులకు పంచితే ఇది రోజుకు 70 రూపాయలు. ఉదయం టిఫిన్, రెండు పూటల భోజనం, గుడ్డు, పాలు, పండు అన్నీ ఇందులోనే సర్దాలి. పెంపు అవసరమైనదే, అయినా ధరలు ఏటా పెరుగుతుండగా చార్జీలు ఏళ్ల తరబడి కదలకపోవడం వల్ల పళ్లెంలో ముందుగా తగ్గేది పప్పు, కూరగాయలే. బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థులు 2022 జూన్‌లో మెస్సు, వసతులు, శాశ్వత వైస్ చాన్సలర్ నియామకం కోరుతూ దాదాపు వారం రోజులు ఎండావానల్లో బైఠాయించడం ఈ సందర్భంలో గుర్తు చేయదగినది. తినే అన్నం బాగుండాలని కలిసి అడగడం కూడా స్వీయ సంరక్షణే, పైగా ఫలితం నిలిచేది అలాంటి సంరక్షణకే.

వ్యాయామం గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పొలం పని చేసే విద్యార్థికి ఇది తీరుతుంది, హాస్టల్లో పోటీ పరీక్షలకు చదివేవారికి తీరదు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ వంటి ఆటలకు మైదానం చాలు, కానీ ఆడపిల్లలకు సాయంత్రం ఆ మైదానం అందుబాటులో ఉండేలా చూడటం కాలేజీ పని.

డబ్బు, అప్పు, ఫోను

విద్యార్థి క్షేమాన్ని చర్చించే గ్రంథాల్లో డబ్బుకు తక్కువ చోటు దొరుకుతుంది, కానీ ఈ ప్రాంతంలో దిగులుకు మొదటి కారణం అదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం, అంటే విద్యార్థి తరఫున ప్రభుత్వమే కాలేజీకి బోధన రుసుము చెల్లించే పథకం, వేలాది పేద కుటుంబాల పిల్లలను డిగ్రీ, ఇంజినీరింగ్ వరకు తెచ్చింది. ఆ బకాయిలు సకాలంలో విడుదల కాకపోతే ప్రైవేటు కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతాయి; చదువు పూర్తయినా చేతిలో కాగితం లేని విద్యార్థి ఉద్యోగానికో పై చదువుకో దరఖాస్తు పెట్టుకోలేక ఇంట్లో మాట పడతాడు. ధ్యానం చేయమని, ఊపిరి నెమ్మదిగా పీల్చమని ఇచ్చే సలహాలు ఇక్కడ ఏమాత్రం సరిపోవు.

దీనికి ఫోను తోడయింది. పూచీ లేకుండా నిమిషాల్లో డబ్బిచ్చి, ఫోనులోని నంబర్లన్నిటికీ పరువు తీసే సందేశాలు పంపి వేధించే అప్పుల యాప్‌లపై 2020 చివర తెలంగాణ పోలీసులు పెద్ద ఎత్తున కేసులు పెట్టారు. డబ్బు పందెంగా సాగే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే చట్టరీత్యా నిషేధించగా, 2025లో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. నిషేధం ఉన్నా బెట్టింగ్ యాప్‌లు మారుపేర్లతో విద్యార్థుల ఫోన్లకు చేరుతూనే ఉన్నాయి. పోయిన డబ్బును రాబట్టుకోవాలనే తపనలో మళ్లీ అప్పు చేయడం ఈ ఊబి స్వభావం. అందులో చిక్కినవారు చేయవలసిన మొదటి పని ఇంట్లో నమ్మకమైన ఒక మనిషికి మొత్తం అప్పు ఎంతో దాచకుండా చెప్పడం, రెండోది సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫిర్యాదు చేయడం.

మనసు

పరీక్షలకు ముందు గుండెదడ, ఊరు వదిలి వచ్చిన తొలి నెలల్లో బెంగ మామూలు స్పందనలు. వీటికి మందులు అక్కరలేదు. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా నిరుత్సాహం, ఇష్టమైన పనులపై ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం, ఎందుకూ పనికిరానన్న భావన కలిసి కనిపిస్తే దాన్ని కుంగుబాటు అనే జబ్బుగా వైద్యులు అనుమానిస్తారు. ఈ ప్రాంతంలో విద్యార్థులు దీన్ని ‘టెన్షన్’ అనో, ‘మనసు మంచిగ లేదు’ అనో చెబుతారు, లేదా ఏమీ చెప్పకుండా తలనొప్పి, కడుపునొప్పి, నీరసమంటూ ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి సెలైన్ పెట్టించుకుంటారు. పెద్దవాళ్లు గాలి సోకిందనో దిష్టి తగిలిందనో అనుకోవడం ఉంది. తాడ్వాయిలోని శబరిమాత ఆశ్రమం వంటి భక్తి స్థలాలకు వెళ్లి కాసేపు కూర్చోవడం, బతుకమ్మ ఆటలో అందరితో చేయి కలపడం మనసుకు నిజంగానే ఊరటనిస్తాయి, వాటిని చులకన చేయడం తప్పు; జబ్బు ముదిరినప్పుడు వాటితో పాటు వైద్యుడు కూడా కావాలి.

తెలుగు మాధ్యమంలో జిల్లా పరిషత్ పాఠశాలలో చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషు పాఠాల ఎదుట కూర్చున్న విద్యార్థి పడే అవమానం ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఊళ్లో తరగతి మొదటి ర్యాంకు తెచ్చుకున్న పిల్లవాడు కాలేజీలో నోరు విప్పలేక, ఒకటి రెండు బ్యాక్‌లాగ్‌లు పడ్డాక, తనకు తెలివి లేదని నమ్మడం మొదలుపెడతాడు. ఇది భాషకు సంబంధించిన ఇబ్బందే తప్ప బుద్ధికి సంబంధించినది కాదని మొదటి సెమిస్టర్‌లోనే ఒక అధ్యాపకుడు తెలుగులో చెప్పగలిగితే ఎంతో మేలు జరుగుతుంది. కులం పేరుతో, యాసను వెక్కిరించడంతో జరిగే చిన్నచూపు కూడా ఇదే పని చేస్తుంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. తెలంగాణలో 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తప్పులు బయటపడిన రోజుల్లో పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకోవడం రాష్ట్రాన్ని కుదిపేసింది. చనిపోవాలనిపిస్తోందని స్నేహితుడు చెబితే దాన్ని బెదిరింపుగా కొట్టిపారేయకూడదు. సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని, పైగా చెప్పుకునే అవకాశం దొరికి బరువు తగ్గుతుందని వైద్యులు నిర్ధారించారు. అలాంటివారిని ఒంటరిగా వదలకుండా పెద్దవారికి తెలపాలి, రైతు ఇళ్లలోనైతే పురుగుమందులను తాళం వేసి ఉంచాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులో కూడా దొరుకుతుంది.

కాలేజీ తర్వాత

డిగ్రీతో ఈ విషయం ముగియదు. సర్కారు కొలువు కోసం హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి గదుల్లో ఏళ్లు గడిపేవారిలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల యువత చాలామంది ఉన్నారు. 2022 అక్టోబర్‌లో జరిగిన గ్రూప్–1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయి, 2023 జూన్‌లో మళ్లీ జరిగిన పరీక్ష సెప్టెంబర్‌లో హైకోర్టు తీర్పుతో రద్దయినప్పుడు, ఆ అభ్యర్థులు పోగొట్టుకున్నది వయసు, ఇంటివాళ్ల డబ్బు, ఇంకొకసారి మొదలుపెట్టే ధైర్యం. తమ తప్పు లేని ఓటమిని మోయడం ఎలాగో ఏ పాఠ్యప్రణాళికా నేర్పదు. వీరు ఏ కాలేజీ రికార్డులోనూ విద్యార్థులు కారు కనుక కౌన్సెలింగ్ ఏర్పాట్లలో ఎక్కడా లెక్కకు రారు.

విద్యారుణంతో అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులకు విశ్వవిద్యాలయ ఆరోగ్య బీమా, కౌన్సెలింగ్ కేంద్రం చేతికందేంత దూరంలో ఉంటాయి. వీసా భయంతో, ఊళ్లో తెలుస్తుందన్న జంకుతో ఆ గడప తొక్కనివారు ఎక్కువ. అక్కడ సంక్షోభ సమయంలో పిలవదగిన నంబరు 988.

చట్టం, సంస్థల బాధ్యత

2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మానసిక వైద్యం పొందడం పౌరుల హక్కు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడని భావించి, శిక్షకు బదులు సంరక్షణ అందించాలని 115వ విభాగం చెబుతుంది. ర్యాగింగ్‌ను అరికట్టే యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి. విద్యార్థుల దేహదారుఢ్యం, క్షేమం, మానసిక ఆరోగ్యంపై యూజీసీ 2023లో మార్గదర్శకాలు జారీ చేసింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు ఇచ్చింది: వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించాలి, చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం ఏర్పరచుకోవాలి, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, సహాయ సంఖ్యలను హాస్టళ్లలో, తరగతుల్లో కనబడేలా రాయాలి.

ఈ ఆదేశాలు పట్నపు కోచింగ్ కేంద్రాలను దృష్టిలో పెట్టుకుని వచ్చినట్లు కనిపించినా, వాటి అవసరం ఎక్కువగా ఉన్నది జిల్లా కాలేజీల్లోనే. పెద్ద సంస్థలకు స్వంత ఏర్పాట్లు ఉన్నాయి, హైదరాబాద్ ఐఐటీలో ‘సన్‌షైన్’ పేరుతో కౌన్సెలింగ్ విభాగం పనిచేస్తోంది. జిల్లాలోని డిగ్రీ కాలేజీలో ఆ బాధ్యత తరచుగా ఎన్‌ఎస్‌ఎస్ చూసే అధ్యాపకుడి మీదో, హాస్టల్ వార్డెన్ మీదో పడుతుంది. వారు మంచి మనసుతో చేసినా, మార్కులు వేసే చేతికి, గేటు తాళం ఉన్న చేతికి విద్యార్థి తన గుట్టు చెప్పడు.

కామారెడ్డిలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. భిక్కనూరు ప్రాంగణం, కామారెడ్డి డిగ్రీ కాలేజీలు దానితో ఒప్పందం చేసుకుని, వారానికి కనీసం ఒక రోజు మానసిక వైద్యుడో శిక్షణ పొందిన కౌన్సెలరో తెలుగులో, గోప్యంగా మాట్లాడే ఏర్పాటు చేయాలి. అది మధ్యాహ్నం పూట, తాడ్వాయి, లింగంపేట, ఎల్లారెడ్డి వైపు పోయే ఆఖరి బస్సుకు చాలా ముందే ముగిసే వేళల్లో ఉండాలి.